బండ కింది బెడ్డు

శంషాబాద్ పాత ఊళ్ళో ఏ సందులోకి తిరిగినా ఒక ఇంటినైనా విప్పుతూ కనిపిస్తారు. తండ్రుల కాలంలో కట్టుకున్నవి కొన్ని, 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచాక అద్దెల ఆశతో తొందరగా లేపినవి కొన్ని. అన్నీ ఇప్పుడు మరమ్మతుకు వచ్చాయి. లేపిన షాబాద్ బండలు వాకిట్లో గోడకు ఆనించి ఉంటాయి. ఇంట్లోవాళ్ళ మాటలన్నీ రాబోయే టైల్స్ గురించే. రెండు బై రెండా, రెండు బై నాలుగా? గ్లాసీనా, మ్యాటా? బండలు లేచిపోయిన గదిలో గడ్డపార పట్టుకుని కిందికి చూస్తూ నిలబడ్డ మేస్త్రిని ఎవరూ పట్టించుకోరు. ఆ నేల ఎన్నేళ్ళు నిలుస్తుందో ఆ కాసేపట్లో ఆయన తేల్చేదాని మీదే ఉంటుంది.

ఆ పనితనం అర్థం కావాలంటే ముందు లేపిన బండనొకదాన్ని తిరగేసి చూడాలి. షాబాద్ బండ అని మనం పిలిచేది వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి, దానికి ఆనుకున్న కర్ణాటకలోని కలబురగి జిల్లా నుంచి వచ్చే సున్నపురాయి. పొరలు పొరలుగా పేరుకున్న రాయి గనక పలకలుగా విడుతుంది. పై మొహం సాపుగా ఉంటుంది, కింది మొహం గనిలో ఎలా విడితే అలాగే ఉంటుంది. ఒక మూల అంగుళం ఉంటే ఇంకో మూల ఒకటిన్నర. అందుకే పాత మేస్త్రి ఒక్కో బండకు ఒక్కో మందంలో బెడ్డు వేశాడు. మొదట్లో సున్నం, ఇసుక, తర్వాత సిమెంటు. బండ తీశాక కింద మిగిలిన ఎత్తుపల్లాలు చూస్తే ఏ రాయికి ఏ మూల ఎంత సర్దాడో చదువుకోవచ్చు. పేరు తెలియని ఆ మనిషి ఎంత ఓపికగా పని చేశాడో అక్కడే తెలుస్తుంది.

అంత మందం రాయి కింద అక్కడక్కడ డొల్ల ఉన్నా బండ మోసేసేది. ఇప్పుడు పరిచే విట్రిఫైడ్ టైల్ మందం 9, 10 ఎంఎం. ఒకే సరుకులో మందం మూడో వంతుకు తగ్గితే, దాన్ని విరవడానికి తొమ్మిదో వంతు బరువు చాలు. టైల్ సరుకు సున్నపురాయి కన్నా గట్టిదే, కానీ ఆ గట్టిదనం ఇంత తేడాను పూడ్చలేదు. రాతి పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే ఎస్‌పీసీ పలకలైతే ఇంకా పలచన, నాలుగు నుంచి ఆరు ఎంఎం. బండ నుంచి మొజాయిక్, మొజాయిక్ నుంచి టైల్, టైల్ నుంచి ఈ పలకల దాకా నేల పై పొర సన్నబడుతూనే వచ్చింది. అది సన్నబడ్డ కొద్దీ కింది పని మీద భారం పెరిగింది. అయినా ఖర్చులోనూ మర్యాదలోనూ కింది పని వాటా పెరగలేదు, తగ్గింది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

నేల విషయంలో శంషాబాద్‌ది మంచి జాతకం. హైదరాబాద్ చుట్టుపక్కల కనిపించే గ్రానైట్ గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ రాయి చివికితే మొరం, మొరం ఇంకా చివికితే ఎర్ర చల్క. మొరంలో గరుకు రేణువులు ఒకదానికొకటి పట్టుకుంటాయి, నీళ్ళు నిలవవు, వానకు పొంగదు, ఎండకు పగలదు. పడమరగా షాబాద్, చేవెళ్ళ వైపు పోయే కొద్దీ నల్లరేగడి తగులుతుంది. అది నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది, దాని మీద పరిచిన నేల ఏడాదికోసారి లేచి దిగుతుంది. రేగడి ఉన్న చోట దాన్ని కొంత లోతు వరకు తీసేసి మొరం నింపడమే మామూలుగా పట్టే దారి. ఇల్లు చల్కలో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు. పునాది గోడల మధ్య నింపిన మట్టి ఏ ఊరి నుంచి ఏ టిప్పర్‌లో వచ్చిందో ఇంటివాళ్ళకే గుర్తుండదు.

అందుకే మేస్త్రి మొదటి పరీక్ష గడ్డపారతో మొదలవుతుంది. ఊళ్ళో ఒక ఇంట్లో పాలమూరు మేస్త్రి ఒకాయన చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. గది నాలుగు మూలలా ఒక్కో పోటు, నడుమ ఒకటి. దిగిన లోతు చూస్తాడు, దిగేటప్పుడు చప్పుడు వింటాడు, తీశాక మొనకు ఏం అంటిందో వేలితో తుడిచి నలుపుతాడు. మొరమైతే గరగరమంటూ రాలిపోతుంది, రేగడైతే జిగటగా వేలికి పట్టుకుంటుంది. వంటింటి గోడ పక్కన గడ్డపార ఊరికే జానెడు లోతుకు దిగిపోయింది.

"ఈడ పైపు కారిందమ్మా. మట్టి మెత్తబడ్డది. ఇదంత తీసెయ్యాలె."

"పైన సిమెంటు మందంగ కొడితే అయిపోదా మేస్త్రీ?" అంది ఇంటావిడ.

"అయితదమ్మా. ఏడాది తిరిగేలోపు టైలు కింద డొల్ల పడ్తది. అప్పుడు మళ్ళ నన్నే పిలుస్తరు."

ఆ మెత్తటి మట్టి తీయించి, పైపు అతుకు బాగు చేయించాకే ఆయన నింపడం మొదలుపెట్టాడు. దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర మట్టి పని చేసిన పేరు పాలమూరు కూలీలది. జాతీయ రహదారి మీద శంషాబాద్ దాటి దక్షిణంగా పోతే వచ్చేది ఆ జిల్లానే. ఆ పనుల్లో తరాలుగా వచ్చిన మట్టి తెలివి ఇప్పుడు మన హాళ్ళ కిందికీ వచ్చింది.

నింపే పద్ధతిలో ఒక క్రమం ఉంది. మొరం ఒకేసారి రెండడుగులు పోసి పైన దిమ్మిస కొడితే పై ఆరంగుళాలే గట్టిపడతాయి, కింద వదులుగానే ఉంటుంది. దిమ్మిస దెబ్బ అంతకన్నా లోతుకు పోదు. ఆరంగుళాలు పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొట్టి, దాని మీద మళ్ళీ ఆరంగుళాలు వేయాలి. నీళ్ళు కూడా లెక్కగానే పడాలి. పొడిగా ఉంటే రేణువులు జారి సర్దుకోవు; ఎక్కువైతే వాటి మధ్య చోటును నీళ్ళే ఆక్రమిస్తాయి, ఆరాక ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. ఈ నడిమి తడిని 1933లో ప్రాక్టర్ అనే అమెరికన్ ఇంజనీరు ప్రయోగశాలలో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ రోడ్డుకైనా, కట్టకైనా ఆ పరీక్షే ఆధారం. మేస్త్రికి అది అరచేతి కొలత.

పక్కనే ఉన్న విమానాశ్రయం పేరు ఇక్కడ ఊరికే తేవడం లేదు. అక్కడి పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ప్రపంచంలో పెద్ద విమానాలు దిగే ఏ రన్‌వే బలాన్నైనా పైలట్లకు ఒక సంకేతంగా ప్రకటిస్తారు. అందులో ఒక అంకె మోసే శక్తిని చెబితే, ఒక అక్షరం కేవలం కింది నేల ఎలాంటిదో చెబుతుంది: గట్టిదైతే ఎ, అక్కడి నుంచి తగ్గుతూ బాగా మెత్తనిదైతే డి. వందల టన్నుల విమానం దిగే చోట కూడా పైన ఉన్న తారు, కాంక్రీటు లెక్క కింది మట్టి నుంచే మొదలవుతుంది. మన పన్నెండు బై పన్నెండు గదిలో మేస్త్రి గడ్డపారతో పెట్టేది ఆ అక్షరమే.

మొరం మీద ఏం వేయాలన్న దగ్గర పొరపాట్లు ఎక్కువ. కూలగొట్టిన గోడల చెత్త, పాత ప్లాస్టరు, ఇటుక ముక్కలు ఎత్తి బయట పోయడానికి డబ్బు దండగని గదిలోనే నింపేస్తుంటారు. ఆ చెత్తలో కలిసిన కర్ర ముక్క ఒక్కటి చాలు, చెదలు దారి పట్టడానికి. ఎర్ర నేలల్లో పుట్టలు చూసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చెద మందు కొట్టించడానికి కూడా అనువైన సమయం ఇదే, కాంక్రీటు పడ్డాక మందు మట్టిలోకి దించాలంటే నేలకు బెజ్జాలు వేయాలి. ఇంకొందరు క్వారీ డస్ట్ పోస్తారు. చవక, పరిస్తే సాపుగా కనిపిస్తుంది. కానీ ఆ పిండి లాంటి సన్న రేణువుల మధ్య సందుల గుండా కింది చెమ్మ పైకి పాకుతుంది. టైల్స్ అతుకుల్లో తెల్లగా ఉప్పు తేలడం, గోడ అడుగున రంగు పొక్కులు లేవడం చాలాసార్లు ఇక్కడి నుంచే మొదలవుతాయి. 40 ఎంఎం కంకర, పొడి లేకుండా జల్లించింది, ఒక పొర పరిస్తే ఆ పాకడం ఆగిపోతుంది. రాళ్ళ మధ్య సందులు పెద్దవి, నీళ్ళు వాటిని పట్టుకుని ఎక్కలేవు. కంకర మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, అంచుల దగ్గర గోడకు కొంచెం పైకి తిప్పి, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కించి వేస్తే ఇంకా మంచిది. దాని మీద నాలుగంగుళాల పీసీసీ, అంటే ఇనుము లేని కాంక్రీటు, సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు, కంకర ఎనిమిది పాళ్ళలో. ఏడు రోజులు తడపాలి. కింది అంతస్తు నేలకు నేను ఎంచుకునే వరస ఇదే, ఇందులో దేన్ని తీసేసినా తర్వాత పెట్టే ఖర్చు ఎక్కువ.

ఇక మట్టం. లేజర్ యంత్రాలు వచ్చాయి, మంచివే. కానీ పారదర్శకంగా ఉండే సన్నటి పైపులో నీళ్ళు నింపి, ఒక కొస ఒకరు, రెండో కొస ఒకరు పట్టుకుని గది చుట్టూ తిరిగే పద్ధతి ఇప్పటికీ తిరుగులేనిదే. మొదట గుమ్మం దగ్గర గోడ మీద ఒక గీత. పైపు ఒక కొసలో నీళ్ళు ఆ గీత దగ్గర నిలిచే దాకా ఆగుతారు. రెండో కొసలో నీళ్ళు ఊగి ఊగి ఆగిన చోట ఇంకో గీత. పైపులో ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది గనక మేస్త్రి ముందు పైపంతా వేలితో కొట్టుకుంటూ బుడగలు తోలేస్తాడు. గోడలన్నీ తిరిగి మొదటి గీత దగ్గరికే వచ్చి సరిపోల్చుకుంటాడు. అక్కడ ఒక నూలు తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి మొదలు. పెద్ద టైల్స్‌కు అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం పదడుగుల పట్టీ ఆనిస్తే కింద సుమారు 3 ఎంఎం కన్నా ఎక్కువ సందు ఉండకూడదు. ఆ కొలతను ఎక్కడా చదవని మనిషి, అల్యూమినియం పట్టీ కింద తాపీ మొన దూర్చి చూసి, "ఇంకింత గీకాలె" అంటుంటే మనసుకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

బెడ్డు కలపడం దగ్గర నిలబడి చూడవలసిన పని ఇంకొకటి ఉంది. సిమెంటు ఒక పాలు, ఇసుక ఐదారు పాళ్ళు, నీళ్ళు చాలా తక్కువ. డ్రై మిక్స్ అంటారు. ఇది ఎంత తడిగా ఉండాలన్నది ఏ కొలత గిన్నెతోనూ తేలదు, ఇసుకలో అప్పటికే ఎంత చెమ్మ ఉందో రోజుకో రకంగా ఉంటుంది గనక. మేస్త్రి పిడికెడు తీసుకుని నొక్కుతాడు. లడ్డూలా ముద్ద కట్టాలి, అరచేతికి తడి అంటకూడదు. వేలితో పొడిస్తే రెండు ముక్కలుగా విడాలి, పొడిగా రాలిపోకూడదు. రోబో శాండ్‌లో దుమ్ము ఎక్కువుంటే ముద్ద తొందరగా కడుతుంది, చూపుకు మోసం. ఆయన ముద్దను విప్పి, వేళ్ళ సందుల్లో మిగిలిన తెల్లటి పిండి చూపించి, "ఈ ఇసుక ఒక్కసారి జల్లించు తమ్మీ" అని కుర్రాడికి చెప్పాడు. దుమ్ము ఎక్కువైతే బెడ్డు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది. టైల్ కుంచించుకోదు. ఆ లాగుడులో అతుకు వదులుతుంది.

పరిచిన మిశ్రమం మీద టైల్‌ను ఒకసారి ఊరికే పెట్టి, రబ్బరు సుత్తితో తట్టి, మళ్ళీ లేపేస్తాడు. ఇది ఊరికే చేసే పని కాదు. లేపాక బెడ్డు మీద టైల్ అచ్చు పడి ఉంటుంది. అచ్చు పడని చోటే డొల్ల. అక్కడ పిడికెడు మిశ్రమం చల్లి, ఎక్కువున్న చోట తాపీతో గీకి, అప్పుడు సిమెంటు పాలు పోసి, టైల్ వెనక పొడి తుడిచి, మళ్ళీ పెడతాడు. తట్టేటప్పుడు చప్పుడు మొదట బోలుగా ఉంటుంది, కింద నిండే కొద్దీ చిక్కబడుతుంది. నడుమ నుంచి అంచులకు తట్టుకుంటూ పోతాడు, లోపలి గాలి బయటికి పోవడానికి. అచ్చు చూసి సర్దే ఈ ఒక్క పని ఎగ్గొడితే రోజుకు ఇంకా ఎక్కువ చదరపు అడుగులు పరవచ్చు. ఎగ్గొట్టని మేస్త్రికి మనం ఎంత ఋణపడి ఉన్నామో మనకు తెలియకుండానే ఆ నేల మీద నడుస్తుంటాం.

పై అంతస్తులో లెక్క మారుతుంది. అక్కడ భయం చెమ్మ కాదు, బరువు. రెండంగుళాల సిమెంటు బెడ్డు చదరపు అడుగుకు సుమారు పది కిలోలు, అంగుళం మందం బండ ఆరు కిలోల పైన. పాత నేల తీయకుండా దాని మీదే ఒకటిన్నర అంగుళాల బెడ్డు వేసి టైల్ పరిస్తే చదరపు అడుగుకు ఇంకో తొమ్మిది కిలోలు పైనే. పన్నెండు బై పన్నెండు గదిలో అది 1,300 కిలోలు దాటుతుంది. ఇళ్ళ గదులకు మనుషులు, సామాన్ల బరువుగా భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు లెక్కగడుతుంది, అంటే చదరపు అడుగుకు 18, 19. అందులో సగాన్ని కనపడని బెడ్డే తినేస్తోందన్న మాట. పైగా నేల రెండంగుళాలు లేస్తే తలుపులన్నీ కోయాలి, మెట్ల దగ్గర చివరి మెట్టు ఎత్తు మారిపోతుంది. రోజూ ఎక్కి దిగే కాలికి అలవాటైన కొలత అది, వయసైనవాళ్ళు తట్టుకుని పడేది అక్కడే.

కాబట్టి మేడ మీద పాత నేల గట్టిగా ఉంటే దాని మీద గమ్ముతో అంటించడం మేలు, డొల్లగా ఉంటే పూర్తిగా తీసేయడం మేలు. నడిమి దారి లేదు. నేలంతా కర్రతో తట్టుకుంటూ పోయి, డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా సున్నంతో గీత పెట్టే మేస్త్రి చేస్తున్నది ఆ తీర్పే. టైల్ గమ్ములను ఐఎస్ 15477 ఐదు రకాలుగా విడదీస్తుంది. పాత టైల్స్ మీద కొత్తవి అంటించడానికి అన్నిటికన్నా చవకైన మొదటి రకం పనికిరాదు. గమ్మును పళ్ళ తాపీతో గదంతా ఒకే వైపు చాళ్ళుగా దువ్వి, టైల్‌ను చాళ్ళకు అడ్డంగా కొంచెం జరిపి నొక్కాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి అతికించేస్తే పని తొందరగా అవుతుంది, టైల్ మాత్రం ఐదు ముద్దల మీద వేలాడుతుంది. మంచం కోడు రెండు ముద్దల మధ్య పడ్డ రోజు బీట తప్పదు.

బాత్‌రూముల సంగతి క్లుప్తంగా. పల్లంగా దించిన స్లాబులో వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్ళు నింపి రెండు రోజులు నిలవ ఉంచి, కింది గది కప్పు చూశాకే నింపాలి. నింపేది తేలికగా ఉండాలి. అడుగుకు పావు అంగుళం వాటం బెడ్డులోనే రావాలి, టైల్‌ను వంచి తెచ్చే వాటం నిలవదు.

చెక్క నేల మీద మోజు ఈ మధ్య పెరిగింది. అమెరికా నుంచి పిల్లలు ఫోనులో ప్లైవుడ్ వేయించమని చెబుతుంటారు. న్యూజెర్సీలో వాళ్ళుండే ఇళ్ళకు అది సరైన మాటే. అక్కడ నేల కింద 16 అంగుళాలకొక చెక్క దూలం, వాటి మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ గాని, చెక్క పేళ్ళు అదిమి చేసిన ఓఎస్‌బీ పలక గాని ఉంటుంది. నేల మీది బరువును మోసి దూలాలకు అందించేది ఆ పలకే. టైల్ పరవాలంటే దాని మీద సిమెంటు బోర్డు కూడా వేస్తారు, చెక్క కదలిక టైల్‌కు తగలకుండా. మన ఇంట్లో మోసే పని కాంక్రీటు ఎప్పుడో చేస్తోంది. దాని మీద ప్లైవుడ్ వేయడమంటే చెదలకు, చెమ్మకు ఒక పొర కొని ఇవ్వడమే. తప్పదనుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేయాలి. నా మాట మాత్రం ఎస్‌పీసీ పలకలకే. వాటికి కింద సాపుగా లెవెల్ చేసిన పొడి కాంక్రీటు, పలకతో రాకపోతే సన్నటి ఫోమ్ పొర ఉంటే చాలు.

సిమెంటు రాక ముందు ఇదే ప్రాంతంలో ఇంతకన్నా ఓపికైన పద్ధతి ఉండేది. గానుగలో నూరిన సున్నం, ఇటుక పొడి, కంకర కలిపి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు పోస్తూ, వరసగా కూర్చున్న మనుషులు చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టి గచ్చు చేసేవాళ్ళు. సున్నం నిదానంగా గట్టిపడుతుంది, చెమ్మను లోపల బంధించకుండా బయటికి వదులుతుంది. 2013లో గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణ మొదలుపెట్టిన ఆగాఖాన్ సంస్థ, అంతకుముందు మరమ్మతుల్లో పూసిన సిమెంటును తీయించి మళ్ళీ సున్నమే వాడింది. మీ ఇంట్లో పాత సున్నం గచ్చు గట్టిగా ఉండి, తట్టితే నిండు చప్పుడు వస్తుంటే, దాన్ని పగలగొట్టకండి. అంతకన్నా మంచి బెడ్డును ఇవాళ ఏ మేస్త్రీ మీకు వేసి ఇవ్వలేడు.

కూలి దగ్గరికి వస్తే, ఇప్పుడు బేరమంతా పరిచిన టైల్ చదరపు అడుగు మీదే నడుస్తోంది. గడ్డపార పోట్లు, దిమ్మిస, జల్లెడ, అచ్చు చూసి లేపి మళ్ళీ పెట్టడం, వీటికి ఆ లెక్కలో పైసా లేదు. నిదానంగా చేసినవాడికి నష్టం, ఎగ్గొట్టినవాడికి లాభం వచ్చేలా మనమే బేరం కుదుర్చుకుంటున్నాం. నింపడానికి, పీసీసీకి, బెడ్డుకు వేరువేరుగా, మందం చెప్పి, తడిపే రోజులు చెప్పి కూలి మాట్లాడండి. గోడ చుట్టూ వేలి మందంలో సగమైనా సందు వదలమనండి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది; ఎండాకాలంలో టైల్స్ సాగి గోడను తన్ని పైకి లేవకుండా ఆపేది ఆ సందే. టైల్స్ లోడు ఒక వారం ఆలస్యంగా తెప్పించుకోండి. వాకిట్లో పెట్టెలు ఎదురుచూస్తుంటే బెడ్డును ఆరనివ్వడానికి ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదు.